ఏనుగు అడుగుకి ఎన్ని ఫ్రేములు?

మన కాలేజీలో షార్ట్ ఫిల్మ్ తీయని బ్యాచ్ లేదు. కెమెరా ఉన్న ఫ్రెండ్ ఒకడు, బైక్ ఉన్న ఫ్రెండ్ ఒకడు దొరికితే చాలు, ఒక శని ఆదివారాల్లో సినిమా అయిపోతుంది. యానిమేషన్ అనేసరికి మాత్రం అందరూ వెనక్కి తగ్గుతారు. "నాకు బొమ్మలు రావు" అనేది మొదటి మాట. "అంత సాఫ్ట్‌వేర్ ఎవరు నేర్చుకుంటారు" అనేది రెండో మాట. ఈ మధ్య మూడో మాట కూడా వచ్చింది: "ప్రాంప్ట్ రాస్తే ఏఐ చేసి పెడుతుంది కదా, ఎందుకింత కష్టం?"

మేం ముగ్గురం కలిసి 2 నిమిషాల 42 సెకన్ల పాట ఒకటి యానిమేషన్‌లో చేశాం. ఒకరికి బొమ్మలు వచ్చు, ఒకరికి మృదంగం వచ్చు, నాకు ఎక్సెల్ షీట్ వచ్చు. పాత పాటల సినిమాలు చూసి, ఒక ఆరేళ్ళ పిల్ల ఊహలు విని మేం ఏం నేర్చుకున్నామో, అందులో మీకు పనికొచ్చే లెక్కలేమిటో చెప్పడానికే ఈ వ్యాసం. చూడబోయే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఊహ ఎంత అడ్డూ ఆపూ లేకుండా ఉంటే, దాని వెనక లెక్క అంత కచ్చితంగా ఉండాలి.

కథ ఎక్కడ దొరికింది?

ఉప్పల్ వైపు ఉండేవాళ్ళకి స్తంభాలు కొత్త కాదు. నాగోల్ నుంచి ఉప్పల్, స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ మీదుగా తార్నాక వైపు వెళ్ళే మెట్రో 2017 నవంబరు చివర్లో మొదలైంది. నాచారం వాళ్ళు ఆ రైలెక్కాలంటే హబ్సిగూడ దాకా రావాలి. మా అక్క వాళ్ళు ఉండేది నాచారంలోనే. అక్క కూతురికి మెట్రో స్తంభాలు ఏనుగులు. వరసగా నిలబడి రైలుని నెత్తిన మోస్తుంటాయి. మనం "ఏనుగుల్లా ఉన్నాయి" అంటాం. తను "ఏనుగులు" అంటుంది. ఈ తేడా చిన్నది కాదు. దీని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే నారపల్లి వైపు ఇంకో వరస స్తంభాలు కనిపిస్తాయి. ఆ ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. ఏళ్ళ తరబడి అందులో చాలా స్తంభాలు నెత్తిన ఏమీ లేకుండానే నిలబడ్డాయి. ఒకసారి బస్సులో ఆ దారిన వెళ్తుంటే అక్క కూతురు అడిగింది: "చిన్నమ్మా, వీటికి రైలు ఇంకా రాలేదా?"

కథ అంతే. నాచారంలో ఉండే ఒక పాప, మోసే ఏనుగుల దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్న ఏనుగుల కోసం ఒక రైలు అప్పుగా అడుగుతుంది. మాటలు లేవు, అంతా పాటే.

నాచారంలోనే ఎందుకు?

నాచారం అంటే మనలో చాలామందికి ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ ఆసుపత్రి గుర్తొస్తాయి. కానీ 1976లో ఎన్టీ రామారావు రామకృష్ణ స్టూడియో పెట్టింది ఇక్కడే. పక్కనే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉంది. అంటే హైదరాబాదు తూర్పు దిక్కున ఊహల్ని బొమ్మలుగా చేసి జనానికి చూపించే పని మనతో మొదలైంది కాదు.

ఆ స్టూడియో పెట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు అదే రామారావు కృష్ణుడి వేషం కట్టిన సినిమా 'మాయాబజార్'. 1957లో వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు పాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్లీ. 2010లో దాన్ని రంగుల్లోకి మార్చి విడుదల చేసిందీ హైదరాబాదు కంపెనీయే. పని మొదలుపెట్టే ముందు మేం ఆ సినిమాని సౌండ్ ఆపేసి ఒకసారి, బొమ్మ ఆపేసి ఒకసారి చూశాం. మీరూ అలా చూడండి. నాలుగు సంగతులు తెలుస్తాయి.

ఒకటి, అందులో పాట కథని ఆపదు. పడవ పాట మొదలయ్యేటప్పటికి ఎవరి మనసు ఎక్కడుందో, అయిపోయేటప్పటికి ఆ సంగతి ఇంకెవరెవరికి తెలిసిపోయిందో గమనించండి. ఆ పాట తీసేస్తే కథలో ఒక మెట్టు పోతుంది. మా పాటలో కూడా ప్రతి చరణం చివర పాప ఏదో ఒక కొత్త చోట ఉండాలని నియమం పెట్టుకున్నాం.

రెండు, మాయ అంతా సమయంలో ఉంది. ఘటోత్కచుడి విందు పాటలో తినేవి వాటంతటవే కదులుతుంటే మనకి నవ్వొస్తుంది. అవి ఒక్క క్షణం ముందో వెనకో కదిలితే నవ్వు రాదు, ట్రిక్కు మాత్రం కనిపిస్తుంది. కె.వి. రెడ్డి రిహార్సల్ దగ్గరే స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో సీను నిడివి లెక్కగట్టేవారని చెబుతారు. అంత పెద్ద మాయలు తీసిన మనిషి చేతిలో ఉన్నది స్టాప్‌వాచ్!

మూడు, మాటల్లో పిల్లల తర్కం. తల్పం గిల్పం అవుతుంది, కంబళి గింబళి అవుతుంది. మనం రోజూ "పుస్తకం గిస్తకం", "పని గిని" అంటాం కదా, ఆ జంటలో రెండో ముక్కని పింగళి ఒక వస్తువుగా నిలబెట్టేశారు. పిల్లలు చేసేదీ అదే. లేని వస్తువుకి ముందు పేరు పెడతారు, ఆ తర్వాత అది ఉన్నట్టే ఆడుకుంటారు.

నాలుగు, మాయకి కూడా హద్దులున్నాయి. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనిపిస్తుంది. కనిపించడమే తప్ప ఆ పెట్టె ఇంకే పనీ చేయదు. హద్దు ఉంది కాబట్టే నమ్ముతాం.

దేశం దాటి చూసినా ఇదే కనిపిస్తుంది. 1952లో వచ్చిన 'సింగింగ్ ఇన్ ద రెయిన్'లో జీన్ కెల్లీ వానలో ఆడే నాట్యానికి కావలసిన సరంజామా ఒక దీపస్తంభం, ఒక గొడుగు, రోడ్డు పక్కన నిలిచిన నీళ్ళు. కొత్త లోకం ఏదీ కట్టలేదు. ఉన్న వీధినే ఆటస్థలం చేశాడు. ఉప్పల్‌లో స్తంభాలకి కొదవ లేదు కాబట్టి మాకు ధైర్యం వచ్చింది.

ముందు పాట, తర్వాతే బొమ్మ

మన సినిమాల్లో పాట ముందే రికార్డు చేసి, సెట్లో అది మోగుతుంటే నటులు పెదాలు కదుపుతారు. యానిమేషన్‌లో ఈ పద్ధతి ఇంకా అవసరం. బొమ్మలు వేసేశాక పాట వేగం మార్చితే వేసిన పనంతా వృథా.

ఇక లెక్క. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. నిమిషానికి 1440. మీ పాట వేగం నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ సంఖ్యతో 1440ని భాగిస్తే ఒక్కో దెబ్బకి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 120 దెబ్బల వేగానికి 12 ఫ్రేములు. 90కి 16. 80కి 18. ఇవి చక్కగా కుదురుతాయి.

ఇప్పుడు 100 తీసుకోండి. 14.4 వస్తుంది. 0.4 ఫ్రేము అనేది ఎక్కడా లేదు. "పోనీ 14 అనుకుందాం" అంటే దెబ్బకి 0.4 చొప్పున తేడా పెరుగుతూ 60 దెబ్బలు అయ్యేసరికి 24 ఫ్రేములు, అంటే నిండా ఒక సెకను తప్పుతుంది. అది కేవలం 36 సెకన్ల పాటలోనే. 14, 14, 15 అంటూ సర్దుకుంటూ పోవచ్చు, కానీ అప్పుడు అడుగులన్నీ ఒకే నిడివి ఉండవు, ఒకసారి వేసిన నడకని మళ్ళీ వాడుకోలేం. అందుకే పాట కట్టేవాళ్ళకి ముందే చెప్పండి: 1440ని నిశ్శేషంగా భాగించే వేగమే కావాలని.

ఈ లెక్క కొత్తది కాదు. 1928లో డిస్నీ వాళ్ళు 'స్టీమ్‌బోట్ విల్లీ' చేస్తున్నప్పుడు విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే యానిమేటర్ మెట్రోనోమ్ దగ్గర పెట్టుకుని, దెబ్బకి ఇన్ని ఫ్రేములని ఇలాగే లెక్కగట్టాడు.

వేగం తర్వాత నడక. మృదంగం వచ్చిన మా ఫ్రెండ్ ఇక్కడ మమ్మల్ని ఒడ్డున పడేసింది. చతురశ్రం అంటే దెబ్బని నాలుగుగా విడగొట్టాలి: తకధిమి. 16 ఫ్రేములు నాలుగు నాలుగులుగా విడిపోతాయి. తిశ్రం అంటే మూడుగా: తకిట. 16 మూడుగా విడిపోదు, 18 విడిపోతుంది. ఆరు, ఆరు, ఆరు.

ఏది తీసుకోవాలో తేల్చింది పాపే. పిల్లలు సంతోషంగా ఉంటే నడవరు, పరిగెత్తరు, గెంతుకుంటూ పోతారు. గుర్రం ఆట ఆడేటప్పుడు కాళ్ళని చూడండి: ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ పొడుగు, పొట్టి. ఫోన్‌లో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే పొడుగు అడుగు పొట్టి అడుగుకి సుమారు రెండింతలు వచ్చింది. అంటే 12, 6. కలిపితే 18. తిశ్రం! పాత సినిమాల్లో గుర్రపుబండి పాటలు వినగానే ఒళ్ళు ఎందుకు ఊగుతుందో నాకు ఆ రోజు అర్థమైంది.

అలా 80 దెబ్బల వేగం, తిశ్ర నడక ఖాయమయ్యాయి. ఏనుగు మాత్రం పాపలా గెంతదు. రెండు దెబ్బలకి ఒక అడుగు, అంటే 36 ఫ్రేములు, ఒకటిన్నర సెకను. పాప రెండు సార్లు గెంతే లోపు ఏనుగు ఒక అడుగు వేస్తుంది. ఇద్దరూ ఒకే తాళంలో ఉంటారు కాబట్టి చూసేవాళ్ళకి జోడీ కుదిరినట్టు ఉంటుంది. శీర్షికలో ప్రశ్నకి జవాబు ఇదీ.

పాట మొత్తం 216 దెబ్బలు. ఎనిమిదేసి దెబ్బల ఆవర్తనాలు 27. ఒక్కో ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు, 144 ఫ్రేములు. ఎక్సెల్‌లో 27 వరసలు వేసి, ఒక్కో వరసలో ఏం జరగాలో ఒక్క వాక్యం రాశాం. స్క్రిప్టు అంటే మాకు ఆ 27 వాక్యాలే.

బొమ్మలు ఎన్ని?

మొత్తం 3888 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు నిలిపితే 1944 బొమ్మలు. ఒక్కోదానికి పావుగంట అనుకున్నా 486 గంటలు. ముగ్గురం పంచుకుంటే తలా 162 గంటలు, రోజుకి మూడు గంటల చొప్పున 54 రోజులు. మధ్యలో రెండు మిడ్‌లు, ల్యాబ్ ఇంటర్నల్స్. ఈ లెక్క చూసి ఆగిపోకండి, తగ్గించుకునే దారులున్నాయి.

ఏనుగు ఊగే ఊపు ఒకసారి వేసి అన్ని ఏనుగులకీ వాడాం. అన్నీ ఒకేసారి ఊగితే డ్రిల్లులా ఉంటుంది కాబట్టి ఒక్కోదాన్ని ఒక దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టించాం. పాప ఆగి చూసే చోట ఒళ్ళు కదలదు, కళ్ళు, జడ మాత్రమే కదులుతాయి. వెనక ఉన్న రోడ్డు, షాపులు, హబ్సిగూడ మలుపు ఒకే పొడుగాటి బొమ్మ. దాన్ని పక్కకి జరుపుతూ పోవడమే. ఇలా చేస్తే కొత్తగా వేయాల్సినవి ఏడు వందల పైచిలుకు మిగిలాయి.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి ఖర్చు కాలేదు. బొమ్మలకి క్రిటా, ఫ్రేముల పట్టీకి ఓపెన్‌టూన్జ్, సౌండుకి ఆడాసిటీ. ఓపెన్‌టూన్జ్ మాతృక అయిన టూన్జ్‌ని జపాన్‌లో ఘిబ్లీ స్టూడియో వాళ్ళు వాడేవాళ్ళు, 2016 నుంచి అది అందరికీ ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ సినిమా 'ఫ్లో' కూడా బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే తయారైంది.

తెలుగు నోరు

నెట్‌లో దొరికే పెదాల చార్టులు ఇంగ్లీషు కోసం చేసినవి. వాటితో తెలుగు పాట పాడిస్తే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. అద్దం ముందు కూర్చుని మేం ఏడు నోళ్ళు తయారు చేసుకున్నాం: ఆ, ఈ, ఊ, ఏ, ఓ, ప, బ, మల కోసం మూసిన పెదాలు, మిగతా హల్లులకి కొద్దిగా తెరిచిన నోరు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట చివర నోరు మూసుకోదు. మా పాటలో మాటిమాటికీ వచ్చే 'రైలు', 'ఏనుగు' రెండూ ఉకారంతోనే ముగుస్తాయి, పెదాలు సున్నాలా అవుతాయి. 'స్తంభం' దగ్గర మాత్రం టపీమని మూసుకుంటాయి. నోటి బొమ్మ శబ్దం కన్నా రెండు ఫ్రేములు ముందు రావాలి. సరిగ్గా శబ్దంతో పాటే వస్తే ఆలస్యమైనట్టు కనిపిస్తుంది.

పాట పాడింది అక్క కూతురే. మార్చిలో, వాళ్ళింట్లో, ఫోన్ మీద దుప్పటి కప్పి రికార్డు చేశాం. అప్పటికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. 'స్టేషన్' అనమంటే 'థ్టేషన్' అనేది. దానికోసం నాలుక తొంగిచూసే ఎనిమిదో నోరు వేయాల్సొచ్చింది. నాలుగో చరణంలో వంటింట్లోంచి కుక్కర్ విజిల్ వినబడింది. వేసవి సెలవుల్లో ఆ ఒక్క చరణం మళ్ళీ పాడిద్దామని వెళ్తే, పళ్ళు వచ్చేశాయి. 'స్టేషన్' స్పష్టంగా పలికింది. గొంతు కూడా అదే గొంతు కాదు. పాత టేక్ పక్కన పెట్టి వింటే ఇద్దరు పిల్లలు పాడినట్టుంది.

పాత టేకే ఉంచాం. కుక్కర్ విజిల్ రైలు కూతైంది. ఆ చోట మెట్రో రైలు నెత్తి మీద చిన్న వెయిట్ వేశాం. థియేటర్ రూములో అందరూ నవ్వింది అక్కడే.

"లాగా" అనే మాట తీసేయండి

పిల్లల ఊహని పెద్దవాళ్ళు బొమ్మల్లో పెట్టేటప్పుడు సాధారణంగా జరిగేది ఇది: పాప కళ్ళు మూసుకుంటుంది, తెర మసకబారుతుంది, అప్పుడు ఏనుగులు వస్తాయి. చివర్లో మళ్ళీ స్తంభాలైపోతాయి. అంటే "ఇదంతా ఉత్తదే" అని మనమే చెప్పేస్తున్నాం. పాప లోకంలో ఆ మసక లేదు. స్తంభం ఏనుగుగా మారదు, అది ముందు నుంచీ ఏనుగే, మనకి కనబడలేదంతే. కాబట్టి మా బొమ్మలో ఏనుగుకి కాంక్రీటు రంగే ఉంటుంది, కాలి మీద పిల్లర్ నంబరు ఉంటుంది, అంటించిన ట్యూషన్ పోస్టర్ కూడా ఉంటుంది. చెవులు, తొండం మాత్రం మెల్లగా ఊగుతాయి.

ఏఐ సంగతి ఇక్కడ చెప్పాలి. మేం అడిగి చూశాం. వచ్చిన ఏనుగులు చాలా అందంగా ఉన్నాయి, నుదుటి మీద బంగారు పట్టాలతో, అంబారీలతో. స్తంభాలు మాయమయ్యాయి. స్తంభం ఉంచమంటే ఏనుగు పక్కకి జరిగి నిలబడింది. రేపు ఇంకా మెరుగవుతుందేమో. కానీ ఏనుగూ స్తంభమూ ఒక్కటే అని నమ్మే చూపు నాచారంలో ఒకే ఒక్కరి దగ్గర ఉంది. ఆ చూపుని ప్రాంప్ట్‌లోకి అనువదించడం కన్నా చేత్తో వేయడమే మాకు దగ్గరి దారి అనిపించింది.

ముగింపు మీద పంచాయితీ

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది చివరి 12 సెకన్లకి. ఒకరు "రైలు రావాలి, పాట పతాకస్థాయికి వెళ్ళాలి, పాత సినిమాల్లో అలాగే కదా" అన్నారు. ఇంకొకరు "రాకూడదు, పూర్తికాని ఫ్లైఓవర్ మీద సెటైర్‌లా ఆపేద్దాం" అన్నారు. రెండూ బలమైన ముగింపులే. ఓటింగ్ పెట్టినా తేలలేదు.

చివరికి పాపనే అడిగాం, ఏనుగులకి రైలు తెచ్చిద్దామా అని. కాసేపు ఆలోచించి చెప్పింది: "వద్దు. అవి నిలబడే పండుకున్నయ్. రైలొస్తే లేవాలె గదా."

ఏనుగులు నిజంగానే నిలబడి కునుకు తీస్తాయి. ఆ సంగతి తనకి ఎవరు చెప్పారో తెలీదు. మేం ఇద్దరు పెద్దవాళ్ళ ముగింపులూ పక్కన పెట్టేశాం. ఆఖరి రెండు ఆవర్తనాల్లో వాయిద్యాలు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. పాప అప్పు తెచ్చిన రైలుని చప్పుడు కాకుండా వెనక్కి తిప్పి పంపేస్తుంది. ఏనుగుల చెవులు మాత్రం కదులుతాయి, రెండు దెబ్బలకి ఒకసారి. అక్కడ వేయాల్సిన బొమ్మలు కూడా తక్కువే, అది వేరే లాభం.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి

30 సెకన్లతో మొదలుపెట్టండి. 80 దెబ్బల వేగంలో అది 40 దెబ్బలు, అయిదు ఆవర్తనాలు, అయిదు వాక్యాల కథ. ముందు గీతల బొమ్మలతోనే మొత్తం పాట మీద పేర్చి చూసుకోండి. అక్కడ బాగోలేనిది రంగులు వేసినా బాగుపడదు. చోటు మీకు బాగా తెలిసినదై ఉండాలి, ఏ షాపు పక్కన ఏ షాపు ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత.

ఇంకొక్క సంగతి. అక్క కూతురికి ఇప్పుడు ఏడేళ్ళు. మొన్న ఉప్పల్‌లో స్కైవాక్ ఎక్కినప్పుడు కిందకి చూపించి "పిల్లర్స్ ఎన్నున్నయో చూడు చిన్నమ్మా" అంది. ఏనుగులు అనలేదు. నేనూ గుర్తు చేయలేదు. మీ ఇంట్లో, మీ పక్కింట్లో అయిదారేళ్ళ పిల్లలుంటే ఈ వారమే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కబుర్లు చెప్పించండి. బొమ్మలు సెమిస్టర్ అయ్యాక వేసుకోవచ్చు.